ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘాలు - నాయకత్వం

ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం అనగా సర్వేల ద్వారా ప్రజల అభిప్రాయాలను సేకరించి, లెక్కగట్టి, ప్రకటించేవారు తమ వృత్తి ప్రమాణాలను కాపాడుకొనుటకు ఏర్పరచుకొన్న సంస్థ. న్యాయవాదులకు బార్ కౌన్సిల్, వైద్యులకు వైద్య మండలి ఉన్నట్లే ఈ వృత్తికి కూడా సంఘాలు ఉన్నాయి. అయితే బార్ కౌన్సిల్ వలె వీటికి చట్టం ఇచ్చిన అధికారం లేదు. సర్వే చేయుటకు లైసెన్సు అక్కరలేదు, ఎవరైనను చేయవచ్చును. కావున ఈ సంఘాల బలమంతా సభ్యుల అంగీకారం మీద, వాటికి నాయకత్వం వహించే వారి నిష్పాక్షికత మీద ఆధారపడి ఉంటుంది.

ప్రపంచ స్థాయిలో వాపోర్ (వరల్డ్ అసోసియేషన్ ఫర్ పబ్లిక్ ఒపీనియన్ రీసెర్చ్), అమెరికాలో ఆపోర్ (అమెరికన్ అసోసియేషన్ ఫర్ పబ్లిక్ ఒపీనియన్ రీసెర్చ్), దాని ప్రాంతీయ శాఖలు ఈ రంగంలో ప్రసిద్ధమైనవి. భారతదేశంలో ఈ బాధ్యతను పరిశోధనా సంస్థలు, విశ్వవిద్యాలయాల ఆచార్యులు, మార్కెట్ పరిశోధకుల సంఘం తలా కొంత పంచుకొన్నారు. తెలుగునాట ఎన్నికల సర్వేలకు ఆదరణ ఎంతో ఉన్నను, వాటిని చేసేవారిని ఒక నియమావళికి కట్టుబరచే ప్రాంతీయ సంఘం మాత్రం బలపడలేదు. ఇందువలన కలిగే ఇబ్బంది పులికాట్ సరస్సు పరిసరాల వంటి మారుమూల ప్రాంతాల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది.

నేపథ్యం

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు 1 కోటి మందికి నమూనా బ్యాలట్లను పంపి, 20 లక్షలకు పైగా జవాబులు రాబట్టింది. వాటి ఆధారంగా ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కాని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 రాష్ట్రాలను గెలుచుకొన్నాడు. పత్రిక వాడిన చిరునామాలు చాలావరకు టెలిఫోను, మోటారు కారు ఉన్నవారివి కావడం, పంపిన వారిలో కొద్దిమందే జవాబివ్వడం ఈ పొరపాటుకు కారణాలుగా చెబుతారు. అదే ఎన్నికలో 1935లో సంస్థ స్థాపించిన జార్జ్ గాలప్ అంతకంటె ఎంతో చిన్న నమూనాతో విజేతను సరిగా చెప్పగలిగాడు. నమూనా ఎంత పెద్దది అనుదానికంటె దానిని ఎట్లు ఎంచుకొన్నారు అనునదే ముఖ్యమని దీనితో రుజువైనది.

ఈ శాస్త్రానికి తొలి పత్రిక పబ్లిక్ ఒపీనియన్ క్వార్టర్లీ 1937లో ప్రిన్‌స్టన్‌లో ప్రారంభమైనది. తరువాతి కాలంలో ఇది ఆపోర్ వారి అధికార పత్రిక అయినది.

సంఘాల స్థాపన

నేషనల్ ఒపీనియన్ రీసెర్చ్ సెంటర్‌ను 1941లో డెన్వర్‌లో స్థాపించిన హ్యారీ ఫీల్డ్, 1946 జూలైలో కొలరాడో రాష్ట్రంలోని సెంట్రల్ సిటీ అనే చిన్న పట్టణంలో సర్వే పరిశోధకుల సమావేశాన్ని ఏర్పాటు చేశాడు. అప్పటివరకు పరస్పరం పోటీదారులైన వాణిజ్య సంస్థల వారు, విశ్వవిద్యాలయాల వారు, ప్రభుత్వ గణకులు ఒకచోట కూర్చొని తమ వృత్తికి ప్రమాణాలు అవసరమని అంగీకరించారు. ఆ తరువాత కొద్ది వారాలకే ఫీల్డ్ ఫ్రాన్సులో విమాన ప్రమాదంలో మరణించాడు. 1947 సెప్టెంబరులో మసాచుసెట్స్‌లోని విలియమ్స్‌టౌన్‌లో జరిగిన రెండవ సమావేశంలో ఆపోర్, వాపోర్ సంఘాలు రూపుదిద్దుకొన్నవి. ఆపోర్‌కు క్లైడ్ హార్ట్ మొదటి అధ్యక్షుడు. వాపోర్‌కు ఫ్రాన్సులో ఐఫాప్ అనే సర్వే సంస్థను 1938లో స్థాపించిన జాఁ స్టోట్‌జెల్ తొలి అధ్యక్షుడైనాడు.

ప్రాంతీయ శాఖలు

అమెరికా విశాలమైన దేశం కావడం వలన ఆపోర్‌కు అనుబంధంగా ప్రాంతీయ శాఖలు ఏర్పడ్డాయి. పసిఫిక్ తీర రాష్ట్రాలు మరియు పరిసర పశ్చిమ రాష్ట్రాలకు పాపోర్, మధ్య పశ్చిమ రాష్ట్రాలకు మాపోర్, దక్షిణ రాష్ట్రాలకు సాపోర్ ఉన్నాయి. న్యూయార్కుకు, రాజధాని వాషింగ్టన్‌కు, న్యూ ఇంగ్లాండ్‌కు వేరు వేరు శాఖలు కలవు.

జాతీయ మహాసభకు వెళ్ళే స్తోమత లేని విద్యార్థులకు, చిన్న సంస్థల వారికి ప్రాంతీయ సభయే తొలి వేదిక. ఈ శాఖలు వార్షిక సభలు, శిక్షణా తరగతులు జరుపుతాయి, విద్యార్థుల పరిశోధనా పత్రాలకు పోటీలు పెడతాయి. స్థానిక సమస్యలు కూడా ఇక్కడే చర్చకు వస్తాయి. కాలిఫోర్నియాలో స్పానిష్, చైనీస్ భాషలు మాట్లాడేవారిని ఎట్లు ప్రశ్నించాలి అనునది పశ్చిమ తీర పరిశోధకులకు నిత్య సమస్య. అట్టి సమస్యకు జాతీయ సంఘం కంటె ప్రాంతీయ శాఖయే దగ్గరగా ఉంటుంది.

వాపోర్ కూడా ఇదే మార్గాన్ని అనుసరించింది. లాటిన్ అమెరికా పరిశోధకుల మొదటి మహాసభ 2007లో ఉరుగ్వేలోని కొలోనియాలో జరిగినది. ఆ తరువాత ఆసియా పసిఫిక్ ప్రాంతానికి కూడా శాఖ ఏర్పడినది.

నాయకత్వ నిర్మాణం

ఈ సంఘాలలో నాయకత్వం జీతం లేని సేవ. ఆపోర్‌లోను, అనేక ప్రాంతీయ శాఖలలోను అధ్యక్ష పదవి మూడు మెట్లుగా ఉంటుంది. సభ్యులు ఎన్నుకొన్న వ్యక్తి మొదటి సంవత్సరం ఉపాధ్యక్షుడుగా, రెండవ సంవత్సరం అధ్యక్షుడుగా, మూడవ సంవత్సరం పూర్వాధ్యక్షుడుగా కార్యవర్గంలో కొనసాగుతాడు. దీనివలన ఏ సంవత్సరమైనను అనుభవజ్ఞుడొకడు, అధికారంలో ఉన్నవాడొకడు, నేర్చుకొనుచున్నవాడొకడు కలసి పనిచేస్తారు. ఒకే వ్యక్తి చేతిలో సంఘం చిరకాలం ఉండదు.

సాధారణంగా కార్యవర్గంలో ఈ బాధ్యతలు ఉంటాయి:

- అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, పూర్వాధ్యక్షుడు
- కార్యదర్శి, కోశాధికారి
- వృత్తి ప్రమాణాల బాధ్యుడు
- వార్షిక మహాసభ బాధ్యుడు
- సభ్యత్వ బాధ్యుడు
- ప్రచురణలు మరియు సమాచార బాధ్యుడు

వాపోర్ అధ్యక్షుని పదవీకాలం రెండు సంవత్సరాలు. జర్మనీకి చెందిన ఎలిజబెత్ నోయెల్-న్యూమన్ (1978-80) ఈ పదవిని నిర్వహించిన వారిలో ప్రసిద్ధురాలు. తన అభిప్రాయం అల్పసంఖ్యాకుల పక్షాన ఉన్నదని తలచినవాడు మౌనం వహిస్తాడని, ఆ మౌనం వలన ఆ పక్షం మరింత బలహీనంగా కనిపిస్తుందని ఆమె ప్రతిపాదించిన సిద్ధాంతం సర్వేలకు ఎంతో ముఖ్యమైనది. ఇటీవలి కాలంలో మెక్సికోకు చెందిన అలెహాంద్రో మొరేనో (2013-14), కెనడాకు చెందిన క్లేర్ దురాఁ (2017-18), అర్జెంటీనాకు చెందిన మరీటా కార్బాయో (2019-20) అధ్యక్షులుగా పనిచేశారు. నాయకత్వం యూరప్, అమెరికాలను దాటి విస్తరించినదనుటకు ఇది నిదర్శనం.

నాయకత్వపు పరీక్షలు

సర్వేలు విఫలమైనపుడు సంఘం ఏమి చేస్తుంది అనునదే దాని నాయకత్వానికి అసలు పరీక్ష. 1948లో గాలప్, క్రాస్లీ, రోపర్ ముగ్గురూ థామస్ డ్యూయీ గెలుస్తాడని చెప్పగా హ్యారీ ట్రూమన్ గెలిచాడు. అప్పుడు శామ్యూల్ విల్క్స్ అధ్యక్షతన సామాజికశాస్త్ర పరిశోధనా మండలి నియమించిన సంఘం కొద్ది వారాలలోనే విచారణ జరిపింది. ఎన్నికల ముందు ఆఖరి రోజులలో జరిగిన మార్పును పట్టించుకొనక ముందుగానే సర్వేలు ఆపివేయడం, క్షేత్ర పరిశోధకులు తమ ఇష్టం వచ్చినవారిని ఎంచుకొనే కోటా పద్ధతిని వాడడం ప్రధాన లోపాలని తేల్చింది. తమ దత్తాంశాలను విచారణకు అప్పగించుటకు సర్వే సంస్థలు అంగీకరించడం ఇందులో గమనించదగినది.

2008లో న్యూ హాంప్‌షైర్ ప్రాథమిక ఎన్నికలో సర్వేలు తప్పినపుడు మైఖేల్ ట్రాగాట్ అధ్యక్షతన ఆపోర్ విచారణ జరిపింది. పద్ధతులను వెల్లడించుటకు నిరాకరించిన ఒక సంస్థను 2009లో బహిరంగంగా అభిశంసించింది. ఈ అభిశంసన వలన జరిమానా గాని, జైలు శిక్ష గాని ఉండదు. కాని పత్రికలు ఆ సంస్థ సర్వేలను ప్రచురించుటకు వెనుకాడతాయి. సంఘం చేతిలో ఉన్న ఏకైక ఆయుధం ఇదే. 2014లో ఆపోర్ పారదర్శకతా కార్యక్రమాన్ని ప్రారంభించి, వివరాలను స్వచ్ఛందంగా వెల్లడించే సంస్థలకు గుర్తింపు ఇవ్వసాగింది. 2016, 2020 అధ్యక్ష ఎన్నికల సర్వేలపై కూడా విచారణ నివేదికలను వెలువరించింది.

ఈ సంఘాలు వెల్లడించవలెనని కోరే ముఖ్య వివరాలు ఇవి:

- సర్వేకు సొమ్ము ఇచ్చినది ఎవరు, నిర్వహించినది ఎవరు
- ఏ జనాభాకు సంబంధించినది
- నమూనాను ఎట్లు ఎంచుకొన్నారు, ఎంతమందిని ప్రశ్నించారు
- ఏ తేదీలలో, ఏ విధంగా (ఇంటికి వెళ్ళి, ఫోనులో, అంతర్జాలంలో) ప్రశ్నించారు
- ప్రశ్నల యథాతథ పాఠం, ప్రశ్నించిన భాష
- లెక్కలలో చేసిన సవరణలు
- పొరపాటుకు గల అవకాశం ఎంత శాతం

సర్వే ఫలితం తప్పడం నేరం కాదు. పై వివరాలను దాచడం మాత్రం వృత్తి ధర్మానికి విరుద్ధం. ఈ రెండింటికి గల భేదాన్ని నిలబెట్టడమే నాయకత్వపు ప్రధాన కర్తవ్యం.

భారతదేశంలో

భారతదేశంలో ప్రజాభిప్రాయ సేకరణకు ఆద్యుడు ఎరిక్ డి కోస్టా. 1950వ దశకంలో ఆయన ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్‌ను నెలకొల్పి, 1955 నుండి మాసపత్రికగా సర్వేల ఫలితాలను ప్రచురించాడు. రజనీ కొఠారీ 1963లో స్థాపించిన సి.ఎస్.డి.ఎస్. (సెంటర్ ఫర్ ది స్టడీ ఆఫ్ డెవలపింగ్ సొసైటీస్) 1967 సార్వత్రిక ఎన్నికల సందర్భంగా తొలి జాతీయ ఎన్నికల అధ్యయనాన్ని చేపట్టింది. ఎవరు గెలుస్తారు అనుదానికంటె ఓటరు ఎందుకు ఆ విధంగా ఓటు వేశాడు అనునది ఈ అధ్యయనాల లక్ష్యం.

1980వ దశకంలో ప్రణయ్ రాయ్, అశోక్ లాహిరి, బ్రిటనుకు చెందిన డేవిడ్ బట్లర్ కలసి ఓట్ల శాతం నుండి సీట్లను అంచనా వేసే పద్ధతులను ప్రచారంలోకి తెచ్చారు. ప్రతిపక్షాలు ఎంతవరకు చీలి ఉన్నాయో కొలిచే ప్రతిపక్ష ఐక్యతా సూచిక వీరు వాడుకలోకి తెచ్చినదే.

మార్కెట్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా 1988లో ఏర్పడినది. భారతదేశంలో సర్వే వృత్తికి సంబంధించినంతవరకు ప్రధాన సంఘం ఇదే. గృహాలను సామాజిక, ఆర్థిక తరగతులుగా విభజించే పద్ధతికి ఈ సంఘం పేరుపొందినది. మొదట ఇంటి ప్రధాన సంపాదనపరుని చదువు, వృత్తి ఆధారంగా ఈ విభజన జరిగేది. 2011లో వచ్చిన కొత్త పద్ధతిలో వృత్తి స్థానంలో ఇంటిలోని వస్తువుల సంఖ్యను లెక్కలోకి తీసుకొన్నారు. అయితే ఈ సంఘం ప్రధాన దృష్టి సబ్బులు, టీవీలు, బ్యాంకు సేవల వంటి వినియోగ వస్తువుల మార్కెట్టు మీద ఉంటుంది.

చట్టపరమైన నియంత్రణ

వృత్తి సంఘం బలంగా లేనిచోట నియంత్రణ చట్టం ద్వారా వస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) లోని 126వ సెక్షను ప్రకారం పోలింగు ముగియుటకు ముందు 48 గంటలలో ఆ ప్రాంతంలో అభిప్రాయ సేకరణ ఫలితాలను టీవీ వంటి మాధ్యమాలలో ప్రదర్శించరాదు. 2010లో అమలులోకి వచ్చిన 126ఎ సెక్షను ఎన్నికల సంఘం నిర్దేశించిన కాలంలో ఎగ్జిట్ పోల్స్ నిర్వహణను, ప్రచురణను నిషేధించింది. ఉల్లంఘించినవారికి రెండేళ్ళ వరకు జైలు శిక్ష, జరిమానా లేక రెండూ విధించవచ్చును.

అంతకుముందు 1998లో ఎన్నికల సంఘం తన మార్గదర్శకాల ద్వారా సర్వేలను నిషేధించగా, చట్టం మద్దతు లేనిదే వాటిని అమలుపరచలేమని 1999లో సుప్రీం కోర్టులో తేలడంతో ఉపసంహరించుకొన్నది. ప్రెస్ కౌన్సిల్ 1996లో జారీచేసిన సూచనల ప్రకారం సర్వేను ప్రచురించే పత్రిక నమూనా, పద్ధతి, నిర్వహించిన సంస్థ వివరాలను తెలుపవలెను.

ఈ నియమాలన్నీ సర్వేను ఎప్పుడు ప్రకటించాలి అనుదానినే ముఖ్యంగా పట్టించుకొన్నాయి. సర్వే సరిగా చేశారా లేదా అని చూసేది చట్టం కాదు, వృత్తి సంఘమే చూడవలసి ఉంటుంది.

తెలుగునాట

లోక్‌నీతి సమన్వయకర్తలు

సి.ఎస్.డి.ఎస్.లో అంతర్భాగమైన లోక్‌నీతి 1997లో ఏర్పడినది. యోగేంద్ర యాదవ్ దీనికి వ్యవస్థాపక సంచాలకుడు. తరువాతి కాలంలో సంజయ్ కుమార్, సుహాస్ పల్శీకర్ సహ సంచాలకులుగా పనిచేశారు. ప్రతి రాష్ట్రంలోను ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు సమన్వయకర్తగా ఉండి, ప్రశ్నావళిని స్థానిక భాషలోకి మార్చుట, క్షేత్ర పరిశోధకులకు శిక్షణ ఇచ్చుట, ఫలితాలను విశ్లేషించుట చేస్తాడు. క్షేత్ర పరిశోధకులలో అధికులు విద్యార్థులు. ఈ విధంగా లోక్‌నీతి, వృత్తి సంఘం కాకపోయినను, ప్రాంతీయ శాఖ చేయవలసిన పనులలో కొన్నింటిని తెలుగునాట నిర్వహించినది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ బాధ్యతను కె.సి. సూరి నిర్వహించాడు. ఆయన నాగార్జున విశ్వవిద్యాలయంలోను, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోను రాజనీతిశాస్త్ర ఆచార్యుడు. 2004 శాసనసభ ఎన్నికలలో కాంగ్రెసు 185 స్థానాలు గెలిచి, తెలుగుదేశం 47 స్థానాలకు పరిమితమైనపుడు ఆయన రాసిన విశ్లేషణ ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వెలువడినది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికే చెందిన ఇ. వెంకటేశు కూడా రాష్ట్ర సమన్వయకర్తగా పనిచేశాడు.

ఎన్. భాస్కరరావు

కృష్ణా జిల్లాకు చెందిన ఎన్. భాస్కరరావు భారతదేశంలో సామాజిక సర్వే పరిశోధనకు మార్గదర్శకులలో ఒకడు. ఆపరేషన్స్ రీసెర్చ్ గ్రూపులో ఉన్నత బాధ్యతలు నిర్వహించి, 1991లో ఢిల్లీలో సెంటర్ ఫర్ మీడియా స్టడీస్‌ను స్థాపించాడు. ప్రభుత్వ సేవలు పొందుటకు సామాన్యులు ఇచ్చే లంచాలపై ఈ సంస్థ చేసిన సర్వేలు, ఎన్నికల ఖర్చుపై వేసిన అంచనాలు ప్రసిద్ధమైనవి. 2019 సార్వత్రిక ఎన్నికల ఖర్చు 55,000 నుండి 60,000 కోట్ల రూపాయలని ఈ సంస్థ అంచనా వేసింది. పత్రికలలో వచ్చే ఎన్నికల సర్వేల గుణదోషాలపై ఆయన గ్రంథం కూడా రాశాడు.

జె.ఎన్.కె. రావు

1937లో ఏలూరులో జన్మించిన జె.ఎన్.కె. రావు నమూనా సర్వేల సిద్ధాంతంలో ప్రపంచ ప్రసిద్ధుడు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేశాడు. పెద్ద ప్రాంతానికి చేసిన సర్వే నుండి అందులోని చిన్న ప్రాంతాల పరిస్థితిని అంచనా వేసే పద్ధతులపై ఆయన 2003లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంపై ప్రామాణికమైనది. తక్కువ మందిని మాత్రమే ప్రశ్నించిన చోట జనాభా లెక్కలు మొదలగు ఇతర సమాచారాన్ని జతపరచి అంచనాను బలపరచుట ఈ పద్ధతుల సారం.

ఎన్నికల జోస్యాలు

తెలుగు రాష్ట్రాలలో వ్యక్తుల పేరుమీద వెలువడే సర్వేలకు విశేష ప్రచారం లభించింది. విజయవాడ మాజీ పార్లమెంటు సభ్యుడు లగడపాటి రాజగోపాల్ సర్వేలు ఇందుకు ఉదాహరణ. 2018 తెలంగాణ ఎన్నికలలో ప్రజాకూటమికి సుమారు 65 స్థానాలు వస్తాయని ఆయన ప్రకటించగా, తెరాసకు 88 స్థానాలు వచ్చాయి. కూటమిలోని కాంగ్రెసుకు 19, తెలుగుదేశానికి 2 దక్కాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి సుమారు 100 స్థానాలని ఆయన అంచనా వేయగా, వైకాపా 151 గెలిచి, తెలుగుదేశం 23కు పరిమితమైనది. ఆ తరువాత సర్వేలకు దూరంగా ఉంటానని ఆయన ప్రకటించాడు.

2024లో కొన్ని సంస్థలు వైకాపాకు, మరికొన్ని తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికి విజయాన్ని సూచించాయి. కూటమికి 164, వైకాపాకు 11 స్థానాలు వచ్చాయి. అయితే ఓట్లలో వైకాపా వాటా 39 శాతానికి పైగా ఉంది. అంటే ఓట్ల శాతాన్ని దాదాపుగా సరిగా కనుగొన్న సర్వే కూడా సీట్ల లెక్కలో ఘోరంగా తప్పవచ్చును. ఈ భేదాన్ని వివరించుటకు, తప్పినవారి పద్ధతులను, నెగ్గినవారి పద్ధతులను కూడా పరిశీలించుటకు ఒక స్వతంత్ర సంఘం అవసరం. నెగ్గిన సర్వే మంచి పద్ధతి వలననే నెగ్గినదని చెప్పలేము, అది అదృష్టం కూడా కావచ్చును.

పులికాట్ ప్రాంతం - ఒక ఉదాహరణ

పులికాట్ సరస్సు భారతదేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. దీని అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, మిగిలినది తమిళనాడులోను ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట, తడ మొదలగు మండలాలు దీని ఒడ్డున ఉన్నాయి. అంతకుముందు ఇవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. సూళ్లూరుపేట శాసనసభ నియోజకవర్గం తిరుపతి లోక్‌సభ స్థానంలోని ఏడు నియోజకవర్గాలలో ఒకటి. రెండును షెడ్యూల్డు కులాలకు కేటాయించబడినవి.

శాస్త్రీయమైన సర్వేలో మొదట నియోజకవర్గాలను, వాటిలో పోలింగు కేంద్రాలను, ఆ పిమ్మట ఓటర్ల జాబితా నుండి వ్యక్తులను యాదృచ్ఛికంగా ఎంచుకొంటారు. ఉదాహరణకు రాష్ట్రంలో 30 నియోజకవర్గాలు, ఒక్కొక్క దానిలో 5 పోలింగు కేంద్రాలు, ఒక్కొక్క కేంద్రంలో 10 మంది చొప్పున 1,500 మందిని ప్రశ్నించారనుకొందాము. రాష్ట్రం మొత్తానికి పొరపాటు అవకాశం సుమారు 2.5 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఆ 30లో సూళ్లూరుపేట ఉన్నచో అక్కడ ప్రశ్నించేది 50 మందిని. అప్పుడు పొరపాటు అవకాశం సుమారు 14 శాతం. ఆ ఐదు కేంద్రాలలో సరస్సు ఒడ్డున ఉన్నది ఒక్కటే అయినచో జాలరుల పక్షాన మాట్లాడేది 10 మంది మాత్రమే. పక్క పక్క ఇళ్ళవారు ఒకే రీతిగా ఆలోచించే అవకాశం ఉన్నందున అసలు పొరపాటు ఇంకా ఎక్కువ. కనుక రాష్ట్రస్థాయి సర్వేను చూపి పులికాట్ జాలరుల అభిప్రాయం ఇది అని ప్రకటించుట శాస్త్రీయం కాదు.

లెక్కతో పాటు క్షేత్ర పరిశోధకునికి ఇక్కడ ఎదురయ్యే సమస్యలు మరికొన్ని కలవు.

- దూరం: తడ మండలంలోని ఇరకం దీవికి పడవలో వెళ్ళవలెను. దీవిలోని ఓటరు జాబితాలో ఎంపికైనపుడు, శ్రమకు వెనుకాడి ఒడ్డునే ఉన్న మరొకరిని ప్రశ్నిస్తే నమూనా చెడిపోతుంది. ఎంపికైనవారికి బదులు మరొకరిని తీసుకొనరాదు అనునది ప్రాథమిక నియమం.
- వేళ: జాలరులు వేటకు వెళ్ళే వేళలు వేరు. పులికాట్‌లో పాడు అనే పద్ధతి ప్రకారం వేట స్థలాలను వంతుల వారీగా పంచుకొంటారు. పగటిపూట ఒక్కసారి వెళ్ళి వచ్చే పరిశోధకునికి వంతు ఉన్నవారు ఇంటివద్ద దొరకరు. మరల మరల వెళ్ళవలసి ఉంటుంది.
- భాష: సరిహద్దు కావడం వలన ఇక్కడ తమిళం మాట్లాడేవారు కూడా ఉన్నారు. తెలుగు ప్రశ్నావళి ఒక్కటే చాలదు.
- గోప్యత: జాలరి పల్లెలలో ఊరి పెద్దల కట్టుబాటు బలమైనది. పదిమంది మధ్య అడిగితే అందరి మాటే తన మాటగా చెబుతారు. నోయెల్-న్యూమన్ చెప్పిన మౌనం ఇచట కూడా వర్తిస్తుంది. అందుకే లోక్‌నీతి వంటి సంస్థలు ఓటు విషయాన్ని నోటితో చెప్పించక, నమూనా బ్యాలట్టుపై గుర్తు పెట్టించి పెట్టెలో వేయిస్తాయి.
- ప్రశ్నలు: రాష్ట్రమంతటికి ఒకే ప్రశ్నావళి తయారైనపుడు నిరుద్యోగం, ధరలు, రోడ్లు వంటి విషయాలు అందులో ఉంటాయి. రాయదొరువు వద్ద సముద్ర ముఖద్వారం పూడిపోయి, సరస్సులోకి నీరు, చేపలు రావడం తగ్గుట ఇక్కడివారికి జీవన్మరణ సమస్య. ప్రశ్నావళిలో అది ఇతర సమస్యలు అనే గడిలో కలసిపోతుంది.

ఈ సమస్యలకు పరిష్కారాలు కష్టసాధ్యములు కావు. ప్రాంతానికి తగిన అదనపు నమూనా, రెండు భాషల ప్రశ్నావళి, మళ్ళీ మళ్ళీ వెళ్ళే నియమం, చిన్న ప్రాంతాల అంచనా పద్ధతులు ఇందుకు తోడ్పడతాయి. తిరుపతిలో 1954లో స్థాపించబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర, గణాంకశాస్త్ర విభాగాలు రెండును ఉన్నాయి. ఇట్టి సర్వేలకు శిక్షణ పొందిన పరిశోధకులు దొరకడం ఈ ప్రాంతంలో దుర్లభం కాదు. అయితే ఈ శ్రమకు, ఖర్చుకు సిద్ధపడని సంస్థను ఎత్తిచూపేవారు లేనపుడు, సులభమైన దారినే అందరూ పడతారు.

విమర్శలు

వృత్తి సంఘాలపై కూడా విమర్శలు ఉన్నాయి. సభ్యత్వం స్వచ్ఛందం కావున, నియమావళికి తలవంచనివారు సంఘంలో చేరకుండానే వ్యాపారం సాగించగలరు. సంఘ నాయకులు స్వయంగా సర్వే సంస్థల అధిపతులైనపుడు తోటి సంస్థపై వచ్చిన ఫిర్యాదును నిష్పక్షపాతంగా విచారించగలరా అన్న సందేహం సహజం. విశ్వవిద్యాలయాల వారు, వాణిజ్య సంస్థల వారు ఇద్దరూ కార్యవర్గంలో ఉండుట, పదవీకాలం స్వల్పంగా ఉండుట ఇందుకు విరుగుడుగా భావించబడుచున్నవి.

తెలుగునాట పరిస్థితి దీనికి భిన్నమైనది. ఇచట నాయకత్వం వ్యక్తులదిగా ఉన్నది. ఆచార్యులు తమ విశ్వవిద్యాలయాలలోను, సంస్థాపకులు తమ సంస్థలలోను ఉన్నత ప్రమాణాలను పాటించారు. కాని ఒకరు పాటించిన ప్రమాణం మరొకరిని కట్టుబరచదు. పార్టీలు తమకోసం చేయించుకొనే సర్వేలు, పార్టీలకు అనుకూలంగా బయటకు వదిలే సర్వేలు, నిజమైన పరిశోధనలు ఒకే టీవీ తెరపై ఒకే విధంగా కనిపిస్తాయి. వాటిని వేరుపరచి చూసే భారం చివరకు పాఠకుడిపైన, ప్రేక్షకుడిపైన పడుతున్నది.

ఇవి కూడా చూడండి

- ప్రజాభిప్రాయ సేకరణ
- ఎగ్జిట్ పోల్
- జార్జ్ గాలప్
- భారత ఎన్నికల సంఘం
- తిరుపతి లోక్‌సభ నియోజకవర్గం
- సూళ్లూరుపేట శాసనసభ నియోజకవర్గం
- పులికాట్ సరస్సు